ఏలియన్నాటి శని: విమలకుమారి సాక్ష్యం

పోయిన వారం విమలకుమారిని డెట్రాయిట్ ఇమ్మిగ్రేషన్ ఆఫీసు గుమ్మంలో, ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉండగా వదిలేశాం. పాపం, ఆవిడ ఇంకా అలాగే నిలబడి ఉంది. కాళ్ళు లాగుతూ ఉంటాయి. ముందు లోపలికి రానిద్దాం. లోపలికి రానివ్వకపోవడమే కదా ఈ కథలో అందరి బాధానూ!

ఆవిడ వచ్చి కూర్చునే లోపల, కథ ఎక్కడుందో ఒకసారి తడిమి చూసుకుందాం.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో దైవాశీర్వాదం గారింటి మేడగదిలో అద్దెకి చేరిన వియత్నాం అమ్మాయి పేరు థూ. వాళ్ళ భాషలో శరదృతువు అని అర్థం. అర్థం ఎంత అందమైనదైనా, తెలుగింట్లో పొద్దున్నే లేచి “థూ! కాఫీ తాగుతావా?” అని ఎవరు పిలుస్తారు? అంచేత దైవాశీర్వాదం భార్య విమలకుమారి తొలిరోజే ఆ పిల్లకి శారద అని పేరు పెట్టేసింది. శారద ఇంజనీరింగ్ చదువు పూర్తయ్యేసరికి ఆమె దేశం కూడా పూర్తయిపోయింది. సైగాన్ ఎవరికీ ఒక సైగయినా చెయ్యకుండా కూలిపోయింది. ఆమె చేతిలోని పాస్‌పోర్టు మీద ముద్ర వేసిన ప్రభుత్వం ఇప్పుడు భూమ్మీద లేదు. వీసా గడువు దాటాక ఆ పుస్తకానికి వీసమెత్తు విలువ లేదు.

ఇలాంటి విద్యార్థుల కోసమే అమెరికావాళ్ళు డెబ్భై ఏడులో ఒక చట్టం చేశారు. డెబ్భై అయిదు మార్చి ముప్ఫై ఒకటిన ఈ గడ్డ మీద ఉన్న వియత్నాంవాళ్ళు పర్మనెంటుగా ఉండిపోవడానికి అర్జీ పెట్టుకోవచ్చు. దాన్ని ‘అడ్జస్ట్‌మెంట్ ఆఫ్ స్టేటస్’ అంటారు. మన రైళ్ళలో “కాస్త అడ్జస్టవ్వండి” అంటే చాలు, పక్కవాడు గొణుక్కుంటూనైనా జరుగుతాడు. ఇక్కడ జరగలేదు. ఎందుకంటే ఆ ముప్ఫై ఒకటో తారీఖు ఈస్టర్ మర్నాడు. పండక్కి శారద నది దాటి స్నేహితురాలింటికి విండ్సర్ వెళ్ళింది. విండ్సర్ కెనడా. ఆ సోమవారం ఆమె నదికి అవతల, చట్టం ఇవతల. మంగళవారం నవ్వుకుంటూ బస్సు దిగిన పిల్లకి, రెండేళ్ళ తర్వాత తన మొహం మీద వెయ్యబోయే తలుపు ఆ బస్సు వెనకే మూసుకుపోయిందని ఏం తెలుసు?

ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు వస్తుందని ఆశపెట్టిన కార్ల కంపెనీ ఈ ఏడాది ‘లే’ అంది, ‘ఆఫ్’ అంది. కాందిశీకులకిచ్చే పెరోల్ మీద ఆమె రాలేదు. కంపెనీ పే-రోల్ మీద లేదు. ఇమ్మని ఎన్నిసార్లు అడిగినా ఇవ్వనిదే ఇమ్మిగ్రేషన్ అని తేలింది. ఇంతలో ఆమె చెల్లెలు మాయ్ పడవెక్కి సముద్రం మీద పడి, మలేషియా దగ్గర ఒక దీవిలోని శిబిరానికి ప్రాణాలతో చేరింది. అమెరికాలో పర్మనెంటుగా ఉన్న అక్క ఉంటే ఆ పిల్లని వరుసలో ముందుకి జరుపుతామని శిబిరంవాళ్ళు కబురు చేశారు. లేకపోతే ఆ దీవి మీద ఆ వరుసకి మొదలూ తెలియదు, చివరా తెలియదు.

మిగిలింది ఒక్క దారి. విమలకుమారి తమ్ముడు సుందర్ రాజ్ కిందటేడే అమెరికా పౌరుడయ్యాడు. అతను శారదని పెళ్ళి చేసుకుని, చిన్న అపార్ట్‌మెంట్‌లో కాపురం పెట్టాడు. వియత్నాంతో వియ్యం గనక ‘వియ్యత్నాం’ అని పెళ్ళి విందులో దైవాశీర్వాదం తనే అని, తనే నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. ఆ పెళ్ళి నిజమైనదా, కార్డు కోసం కట్టిన వేషమా అని తేల్చే రోజు ఇవాళే. దంపతుల్ని విడివిడిగా అడగడం అయిపోయింది. ఇప్పుడు పెద్దల వంతు.

ఆఫీసర్ యాభై దాటిన మనిషి. కళ్ళ కింద సంచులు. టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీవాళ్ళని బందీలుగా పట్టుకున్న దగ్గర్నుంచీ, ఇరాన్ విద్యార్థులందర్నీ వచ్చి కాగితాలు చూపించి పొమ్మని హుకుం. బయట వరండా నిండా వాళ్ళే. ఆయన గొంతులో కోపం లేదు, నిద్ర చాలని నీరసం ఉంది.

“కుడిచెయ్యి పైకెత్తండి,” అన్నాడు.

విమలకుమారి సంచీలోంచి తెలుగు బైబిలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎడమచెయ్యి దాని మీద వేసి, కుడిచెయ్యి ఎత్తి, పక్క కుర్చీలోని భర్త వైపు తిరిగింది.

“ఏమండీ, ఆయనతో చెప్పండి. దేవుడి మీద ప్రమాణం చేసి వచ్చీరాని ఇంగ్లీషులో ఏదన్నా తప్పు దొర్లితే నా గతేంటి? నేను తెలుగులోనే చెప్తాను.”

ఆఫీసర్ నిట్టూర్చి దైవాశీర్వాదం వైపు తిరిగాడు. ఉన్నదున్నట్టు, కలపకుండా, తీసెయ్యకుండా తర్జుమా చేస్తానని ఆయన చేత కూడా ప్రమాణం చేయించాడు.

దైవాశీర్వాదం గారు బ్రేకుల ఇంజనీరు. నోటికి మాత్రం ఏనాడూ బ్రేకు వేసినవాడు కాదు. మాట కనపడితే చాలు, దాని చెవి పట్టుకుని మెలిపెట్టందే వదలడు. పరదేశిని ‘ఏలియన్’ అనే ఈ దేశంలో తనకీ భార్యకీ సొంత కార్డులొచ్చేలోగా పడ్డ పాట్లకి ‘ఏలియన్నాటి శని’ అని నామకరణం చేసిన మహానుభావుడు ఆయనే. అలాంటి మనిషిని పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పమనడం, చేపని పట్టుకుని చెట్టెక్కమన్నట్టు.

ఇంకో సంగతి. శనివారం శనివారం వాళ్ళ బేస్‌మెంట్‌లో తెలుగు క్రైస్తవుల ప్రార్థన కూటం జరుగుతుంది. అందులో సాక్ష్యం చెప్పడం ఒక ఆనవాయితీ. సాక్ష్యమంటే దేవుడు తమకి చేసిన మేలు పదిమంది ముందూ నిలబడి చెప్పుకోవడం. అందులో విమలకుమారికి మంచి పేరుంది. ఆవిడ సాక్ష్యం చెప్తే కళ్ళు చెమర్చని వాళ్ళుండరు. “మేడమ్, యూ విల్ బి ఎ విట్‌నెస్” అని లాయరు చెప్పిన రోజునే ఆవిడ మనసులో ఆ మాట సాక్ష్యమని అచ్చుపడిపోయింది. వారమంతా మోకాళ్ళ మీద తయారైంది.

“ఈ ఉదయకాలమందు మనందర్నీ ఈ ఆఫీసులో సమకూర్చిన దేవాదిదేవునికి స్తోత్రములు,” అని మొదలుపెట్టింది విమలకుమారి, కళ్ళు మూసుకుని.

ఆఫీసర్ భర్త వైపు చూశాడు.

“షి సేస్ గుడ్ మార్నింగ్,” అన్నాడు దైవాశీర్వాదం.

“గుడ్ మార్నింగ్, మేడమ్. పెళ్ళికి ముందు ఈ ఇద్దరూ మీ ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళ మధ్య సంబంధం ఎలా ఉండేది?”

దైవాశీర్వాదం తెలుగులో చెప్పాడు. విమలకుమారి కళ్ళు తెరిచింది. పెదాలు బిగుసుకున్నాయి. ఎవరో తెల్లాయన, పదిమంది విశ్వాసులు వచ్చిపోయే తన ఇంటి గురించి, తల్లీ తండ్రీ దగ్గర లేని ఆడపిల్ల గురించి, ఏమిటీ ఆరా? ఏమనుకుంటున్నాడు మా గురించి? పైట సర్దుకుని, బైబిలు మీద అరచెయ్యి గట్టిగా అదిమింది.

“దేవుడి సన్నిధిలో చెప్తున్నానండి. ఆ పిల్ల మేడ మీద, మా తమ్ముడు బేస్‌మెంట్‌లో. మధ్య అంతస్తులో మేము. ఒక్కనాడు ఒక వెకిలి చూపు లేదు. ఒక వెకిలి మాట లేదు. సొంత అన్నాచెల్లెళ్ళలాగ ఉండేవాళ్ళు!”



తెలుగువాళ్ళ చెవికి ఆ మాట గంధం పూసినట్టుంటుంది. ఆడపిల్ల శీలానికీ, మగపిల్లాడి మర్యాదకీ, ఆ ఇంటి పరువుకీ కలిపి ఒకే ఒక్క మాటలో ఇచ్చిన కితాబు అది. అదే మాట ఇంగ్లీషులోకి దిగిందంటే ఈ గదిలో విషం. అది దైవాశీర్వాదానికి అర్థం కావడానికి రెప్పపాటు చాలు. నాలుక మీద వేరే మాటలు సిద్ధంగానే ఉన్నాయి. ‘వెరీ గుడ్ ఫ్రెండ్స్’ అనొచ్చు. ‘వెరీ ప్రాపర్’ అనొచ్చు. ఇందాక స్తోత్రాన్ని గుడ్ మార్నింగ్ చేసిన నోరే కదా! కానీ విమలకుమారి తన వైపే చూస్తోంది, చెయ్యి బైబిలు మీదే ఉంది, తను చేసిన ప్రమాణం తడి ఇంకా ఆరలేదు.

“లైక్ బ్రదర్ అండ్ సిస్టర్,” అన్నాడు.

ఆఫీసర్ కలం ఆగింది. “బ్రదర్ అండ్ సిస్టర్?”

“యెస్ సర్.”

కలం కదిలింది. “పెళ్ళయ్యాక?”

ఆ ప్రశ్న వినగానే విమలకుమారి మొహం విప్పారింది. “ఏమీ మార్పు లేదండి! అదే గౌరవం, అదే మర్యాద. ఆదివారం ఆదివారం మా ఇంటికి భోజనానికొస్తారు కదా, మావాడు ఆ పిల్ల భుజమ్మీద చెయ్యి కూడా వెయ్యడు. ఇప్పటికీ అలాగే ఉన్నారు. దేవునికే మహిమ!”

“నో చేంజ్,” అన్నాడు దైవాశీర్వాదం. “స్టిల్ ద సేమ్.”

ఆఫీసర్ కలం కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఒక్కటడుగుతాను. మీరెవరని ఆ అమ్మాయినడిగితే, మా బ్రదర్ అంది. మీ ఆవిడేమో ఆమె భర్త ఆమెకి బ్రదర్ లాంటివాడంటోంది. మీ కుటుంబంలో ఆమెకి బ్రదర్ కానివాడు ఎవరన్నా ఉన్నారా?”

“సర్, ఇన్ అవర్ లాంగ్వేజ్, హజ్బెండ్స్ సిస్టర్స్ హజ్బెండ్ ఈజ్…”

“ఓకే, ఓకే.” ఆఫీసర్ చెయ్యెత్తాడు. “ఇరవై ఏళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. అబద్ధపు పెళ్ళిళ్ళు చాలా చూశాను. ముద్దులు పెట్టుకుంటున్న ఫోటోలు కట్టలుకట్టలు తెస్తారు. అన్నాచెల్లెళ్ళలా ఉన్నారని సాక్షిని తెచ్చుకున్నవాళ్ళని మాత్రం ఇదే చూడటం. బయట కూర్చోండి. మళ్ళీ పిలుస్తాను. ఇవాళే ముగించేస్తాను.”

వరండాలో ఇరాన్ కుర్రాళ్ళు గోడకి ఆనుకుని ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు. ఇరానీ అంటే ఛాయ్ ఒక్కటే తెలిసిన దైవాశీర్వాదం మామూలు రోజైతే వాళ్ళ మీద నాలుగైదు మాటలు విసిరేవాడే. ఇవాళ వాళ్ళ కళ్ళలోకి చూడలేక తల దించుకుని నడిచాడు.

కిటికీ పక్క బెంచీ మీద సుందర్ రాజ్, శారద కూర్చుని ఉన్నారు. మధ్యలో ఆమె కోటు మడతపెట్టి ఉంది.

“ఏమైంది అక్కా?” సుందర్ లేచాడు.

“చాలా బాగా జరిగిందిరా! నేను చెప్పిన సాక్ష్యానికి ఆయన రాసేసుకున్నాడు కూడాను. మీరిద్దరూ సొంత అన్నాచెల్లెళ్ళలా ఉండేవాళ్ళని, ఇప్పటికీ అలాగే ఉన్నారని…”

“అక్కా! వాట్ హావ్ యూ డన్?”

“ఏం? అందులో తప్పేముంది? ఆ పిల్ల పరువు నిలబెట్టాను!”

“పరువు ఎవడికి కావాలే ఇక్కడ? మేము మొగుడూ పెళ్ళాలమని నమ్మడానికి పిలిచాడు ఆయన. ఇంట్లో అన్నాచెల్లెళ్ళని నువ్వు చెప్పొచ్చావు.”

తను చెప్పిన మాటకి రెండో మొహం ఉందని విమలకుమారికి అప్పుడు తెలిసింది. వెళ్ళి బెంచీకి ఆ చివర కూర్చుంది. బైబిలు తెరిచి మొహం దాని వెనక దాచుకుంది. పేజీ తిప్పలేదు.

సుందర్ బావని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళాడు. కింద నది బూడిదరంగులో పారుతోంది. అవతల విండ్సర్ ఇళ్ళు, చెయ్యి చాస్తే అందేటట్టున్నాయి.

“అక్కకి తెలీదు బావా. నీకు తెలీదా?”

“ఆవిడ చెప్పింది చెప్పానురా. ప్రమాణం చేశాను.”

“నువ్వు! ప్రమాణం!” “ఎవరన్నా సారీ అంటే అందులో చీర వెతుకుతావు. కారు కొన్నానంటే ‘మీరు కొన్నవారు కారు’ అంటావు. ఒక మాటకి పది అర్థాలు లాగే మనిషివి బావా నువ్వు. పదేళ్ళుగా ఆ జోకులన్నిటికీ నేను నవ్వుతూనే ఉన్నాను. ఇవాళ, ఈ ఒక్క రోజు, నీకు ఒక్కటే అర్థం దొరికిందా?”

దైవాశీర్వాదం బెంచీ చివర కూర్చున్న భార్య వైపు చూశాడు.

“నేను చెప్పనా ఎందుకో? మీ అన్నయ్య కూతురు వసంత. నరసాపురంలో ఆ పిల్లతో నాకు సంబంధం మాట్లాడేసి వచ్చావు, నన్నడక్కుండా. అది చెడిపోయిందని నీ కడుపులో ఉంది.”

“ఛీ, నోర్ముయ్! నేనంత నీచుణ్ణా?”

“అయితే చెప్పు. ఎందుకన్నావు?”

దైవాశీర్వాదం నది వైపు తిరిగాడు. ఎందుకన్నాడు? ప్రమాణం చేశాడు గనకనా? విమల చూస్తోంది గనకనా? లేక ఆ మాట నోట్లోంచి జారే క్షణంలో, లోపల ఏదో మూల, వసంత ఫోటో పెట్టుకున్న మూల, ఏదో చిన్నది ‘హమ్మయ్య’ అనుకుందా? వెతుక్కున్నాడు. ఉన్నట్టూ అనిపించింది, లేనట్టూ అనిపించింది. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ తిరగేసి లోపల ఏముందో చూపించి నవ్వించినవాడికి, తన సొంత మాట తిరగేస్తే అడుగు కనిపించలేదు.

“తెలీదురా,” అన్నాడు. ఆయన నోట అంత చిన్న మాట సుందర్ ఎప్పుడూ వినలేదు.

“అన్నయ్యా.”

వెనక శారద నిలబడి ఉంది. ఆడబిడ్డ భర్తని అన్నయ్య అనాలని పెళ్ళిరోజున విమలకుమారే నేర్పింది. ఆమె తెలుగు ఆ ఇంటి వంటింట్లో నేర్చుకున్నది. చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది.

“వదిన మీద కోపం వద్దు. వదిన అబద్ధం చెప్పలేదు.”

“థూ, డోంట్,” అన్నాడు సుందర్. ఆ కుటుంబంలో ఆమెని అసలు పేరుతో పిలిచేది అతనొక్కడే.

“చెప్తాను. అన్నయ్యకి తెలియాలి.” ఆమె గొంతు బాగా తగ్గించింది. “అపార్ట్‌మెంట్‌లో ఒకే బెడ్‌రూమ్. అది నాది. తను హాల్లో సోఫా మీద. పెళ్ళి రోజు నుంచి.”

బెంచీ చివర విమలకుమారి కదల్లేదు. విన్నదో లేదో బైబిలు అట్ట వెనక ఏమీ తెలియలేదు.

“అంటే… కార్డు కోసమేనా? ఇదంతా వేషమేనా?” అన్నాడు దైవాశీర్వాదం.

“నేనూ అలాగే అడిగాను. నేనంటే ఇష్టం లేదా, ఎందుకు సోఫా అని.” ఆమె భర్త వైపు చూడలేదు. “తను అన్నాడు, ‘ఇప్పుడు నువ్వు నో చెప్పలేవు. నీ కార్డు నా చేతిలో ఉంది. మీ మాయ్ నా చేతిలో ఉంది. నో చెప్పలేని మనిషి చెప్పే ఎస్ నాకొద్దు. కార్డు రానీ. మాయ్ రానీ. అప్పుడు అడుగుతాను. అప్పుడు నో అంటే వెళ్ళిపోతాను’ అని.”

సుందర్ కిటికీ అద్దానికి నుదురు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

“మరి నువ్వేమంటావమ్మా?”

“ఎస్,” అంది శారద. “ఎప్పుడో ఎస్. ఈ స్టుపిడ్ మనిషి నమ్మడు. అది థాంక్స్ అనుకుంటున్నాడు.”

దైవాశీర్వాదం నవ్వబోయాడు. ఇంత పెద్ద దేశంలో ఇంతకన్నా నిజమైన పెళ్ళి ఎక్కడుంటుంది? ఏం లాభం? సోఫా మీద దుప్పటి చూస్తే అది మోసం. ఈ కుర్రాడు వెధవ అయి ఉంటే ఈ పిల్లకి ఈపాటికి కార్డు వచ్చేది. పెద్దమనిషి కావడం వల్ల రాదు.

“లాయరు ఏమన్నాడురా, ఇది పోతే ఇంకేమన్నా దారుందని?”

“ఏముంది? మోసపు పెళ్ళి అని ఒకసారి రాశారంటే మళ్ళీ ఏ దారిలో అడిగినా అదే బయటికొస్తుందన్నాడు. ఆ దేశానికి పంపలేరు, తీసుకెళ్ళే విమానం లేదు. ఇక్కడ ఉండనివ్వరు. అలా గాల్లో పెడతారు.”

“నా సంగతి వదిలెయ్యండి,” అంది శారద. ఆమె కళ్ళు నదికి అవతల ఉన్న ఇళ్ళ మీద ఉన్నాయి. “ఆ రోజు ఇవతల ఉంటే ఇవేవీ లేవు. తనకి సోఫా లేదు. వదినకి ఏడుపు లేదు. ఈస్టర్ లంచ్, అన్నయ్యా. ఐ వెంట్ ఫర్ లంచ్. హామ్, బంగాళాదుంపలు. మర్నాడు స్నో పడింది, ఇంకో రోజు ఉండమంది ఫ్రెండ్. ఉన్నాను.” కాసేపు ఆగింది. “మాయ్ పడవలో పక్కవాళ్ళు చచ్చిపోతుంటే చూసింది. ఇప్పుడు దీవి మీద రోజూ అడుగుతోంది, అక్క ఎందుకు పిలవట్లేదని. నేనేం చెప్పను? అక్క లంచ్‌కి వెళ్ళింది అని చెప్పనా?”

సుందర్ ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, అలవాటు కొద్దీ ఆపుకుని, బెంచీ మీది కోటు తెచ్చి కప్పాడు.

“మిస్టర్ అండ్ మిసెస్ డైవా!”

తలుపు తీసి ఆఫీసర్ పిలిచాడు. మామూలప్పుడైతే దైవాశీర్వాదం “ఇక్కడ డైవ్ చెయ్యడానికి నీళ్ళేవీ?” అని ఉండేవాడు. ఇవాళ నిజంగానే దూకుతున్నవాడిలా ఊపిరి బిగబట్టి లోపలికి నడిచాడు. వెనకే విమలకుమారి. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన వైపు చూడలేదు.

ఆఫీసర్ ఈసారి కలం చేతిలోకి తీసుకునే కూర్చున్నాడు.

“ఒక్క ప్రశ్న. ఇద్దరూ ప్రమాణంలోనే ఉన్నారు. మీ ఆవిడ బ్రదర్ అండ్ సిస్టర్ అన్నప్పుడు, వాళ్ళు భార్యాభర్తల్లా కాపురం చెయ్యడం లేదని ఆమె అర్థమా? నాకు వేరేగా అనిపిస్తే సంతోషమే. కానీ నేను రాసుకున్నది అది.”

నిజం చెప్పాలంటే ‘అవును’ అనాలి. ఇందాక తెలియని నిజం ఇప్పుడు తెలుసు. నిజం చెప్తే ఆ పిల్ల ఈ గుమ్మం నుంచి ఎక్కడికి పోతుంది? దీవి మీద మాయ్ ఎక్కడికి పోతుంది? దైవాశీర్వాదం సొంత పౌరసత్వం అర్జీ కూడా ఇంకా ఇదే ఆఫీసులో నలుగుతోంది. ప్రమాణం చేసి అబద్ధమాడితే అది కూడా గంగలో కలుస్తుంది. ఆ సంగతి ఆయన మనసులోకి వచ్చింది. వచ్చి, నిలబడి, పోయింది.

“సర్,” అన్నాడు. “ఐ మేడ్ ఎ మిస్టేక్. నేను తర్జుమా తప్పు చేశాను. నా భార్య బ్రదర్ అండ్ సిస్టర్ అనలేదు.”

ఆఫీసర్ కనుబొమలు పైకి లేచాయి. “మరి ఏమంది?”

జీవితమంతా ఊరికే, సరదాకి, పదిమంది నవ్వుతారని సాగదీసిన నాలుక అది. మొదటిసారి దాన్ని ఒక ప్రాణం కోసం సాగదీశాడు.

“సర్, ఆవిడ అన్న మాట ‘అన్నా-చెల్లు’. తెలుగులో ‘అన్నా’ అంటే, ఎవరేమి అన్నా సరే అని. వాటెవర్ ఎనీబడీ సేస్. ‘చెల్లు’ అంటే చెల్లుతుంది అని. వాలిడ్. లీగల్లీ వాలిడ్, సర్. ఎవరేమన్నా ఈ పెళ్ళి చెల్లుతుంది అని ఆవిడ భావం. నేను తొందరపడి, బ్రదర్, సిస్టర్ అన్నాను. ఆ మాటలు కొంచెం అలాగే వినపడతాయి.”

తన బతుకులో ఇంతకన్నా మంచి శ్లేష ఆయన ఎప్పుడూ వెయ్యలేదు. దీనికెవరూ నవ్వకూడదని ఆయన దేవుణ్ణి వేడుకున్నది కూడా ఇదే మొదటిసారి.

ఆఫీసర్ అలసిన కళ్ళలో నమ్మాలని ఉన్నట్టే కనిపించింది. రాసింది కొట్టెయ్యడానికి కలం కాగితం మీదికి తెచ్చాడు. భార్య వైపు తిరిగి, మర్యాదకి, “ఈజ్ దట్ రైట్, మేడమ్?” అన్నాడు.

“నో, సార్,” అంది విమలకుమారి. ఇంగ్లీషులో.

దైవాశీర్వాదం గిరుక్కున తిరిగాడు. ఆవిడ రెండు చేతులూ బైబిలు మీద పెట్టి, నిటారుగా కూర్చుని ఉంది.

“నో?” అన్నాడు ఆఫీసర్.

“ఐ నో, సార్.” ఆవిడ గొంతు ప్రార్థన కూటంలో ఉన్నంత స్పష్టంగా ఉంది. “మై హజ్బెండ్ ఈజ్ టెల్లింగ్ లై. డోంట్ రైట్ హిజ్ వర్డ్. ఐ నో వేర్ మై బ్రదర్ ఈజ్ స్లీపింగ్.”

(సశేషం)